మామ ముందు కుర్చీ

ఎల్.బి.నగర్‌లో ఒక కాలనీ వాళ్ల కమ్యూనిటీ హాలుంది. బారసాలలకీ, పుట్టినరోజులకీ ఇస్తూంటారు. మంగళవారం, శుక్రవారం పొద్దున పూట మాత్రం అక్కడ మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్లకీ, వాళ్లని చూసుకునేవాళ్లకీ కలిపి వ్యాయామం చేయిస్తారు. అక్కడికి వచ్చే మేమెవరమూ ఎక్కడికి వెళ్తున్నామో ఇరుగుపొరుగుకి చెప్పి రాం. మా దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరైనా అడిగితే నేను "కళ్ల డాక్టరు దగ్గరికి" అంటాను. ఇన్నిసార్లు చూపించుకుంటే మా ఆయనకి ఈపాటికి గోడ అవతలివి కూడా కనబడుతూ ఉండాలి.

మా ఆయన పేరు చక్రపాణి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పారు. ఇప్పుడు రోడ్డు మీద ఎవరు కనిపించినా "నీది ఏ బ్యాచ్?" అని అడుగుతారు. జామకాయలమ్మే ముసలమ్మని కూడా అడిగారు. నిజమైన శిష్యులు కనబడి కాళ్లకి దణ్ణం పెడితే, వాళ్ల వీపు మీద చెయ్యి వేసి, ఇప్పుడేం చెయ్యాలన్నట్టు నా వంక చూస్తారు. అప్పుడు నాకు అక్కడి నుంచి మాయమైపోవాలని ఉంటుంది. సరే, నా గోల ఎప్పుడూ ఉండేదే. ఇది శివమ్మ సంగతి.

ఆమె మొదటిసారి హాల్లోకి వచ్చినప్పుడు ముందు కనిపించింది ఆమె కాదు, పెద్దాయన. పొడుగాటి మనిషి. తెల్ల ధోవతి, లాల్చీ, తలకి రుమాలు, చేతిలో కర్ర. పేరు రామచంద్రం. సరూర్‌నగర్ పాత ఊళ్లో ఒకప్పుడు పెద్ద సేద్యం, అందరూ పటేలా అనే పిలిచేవారట. కర్ర చేతిలో ఉందన్నమాటే గానీ, ఆయన్ని నిజానికి నిలబెట్టింది వెనక నుంచి నడుము దగ్గర పట్టుకున్న ఒక ఆడమనిషి చెయ్యి. ఆయన భుజం వెనక ఆమె సగం కూడా కనబడలేదు. యాభై దాటి ఉంటాయి. కొంగు నెత్తి మీదుగా కప్పుకుని ఉంది.

మాకు వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు తేజస్విని చిన్న పిల్ల. మాట మెత్తన, పట్టు గట్టిది. పోయిన జ్ఞాపకాన్ని మందులూ తెచ్చివ్వవు, వ్యాయామమూ తెచ్చివ్వదు అని మొదటి రోజే మొహం మీద చెప్పేస్తుంది. లేవడం, కూర్చోవడం, నాలుగడుగులు వెయ్యడం మిగిలి ఉన్నాయి కదా, అవి ఎన్నాళ్లు నిలబడితే అన్నాళ్లు నిలబెట్టుకుందాం అంటుంది. చూసుకునేవాళ్లు కూడా పక్కన కూర్చుని ఫోన్ నొక్కుకోవడానికి వీల్లేదు. ఇద్దరికీ ఎదురెదురుగా కుర్చీలు వేస్తుంది. మోకాళ్లు దాదాపు తగిలేంత దగ్గర. చేతులు పట్టుకోవాలి, కళ్లలోకి చూడాలి, ముందుకి వంగాలి, ఇద్దరూ కలిసి లేవాలి. పెళ్లైన ఇన్నేళ్లలో మేమిద్దరం పదిమందిలో చేతులు పట్టుకున్నది లేదు. నాకే మొదట్లో సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయేది.

పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి శివమ్మ వెనక్కి వెళ్లి నుంచుంది.

"అమ్మా, మీరు ఎదురుగా కూర్చోండి," అంది తేజస్విని.

"నేను నిలవడే చేస్త మేడమ్."

"ఇది ఇద్దరూ కూర్చుని లేచేదమ్మా. మీరు చేస్తుంటే చూసి ఆయన చేస్తారు. వెనక నుంచుంటే ఆయనకి మీరు కనబడరు కదా?"

"కనవడకుంటేనే మంచిగుంటది," అంది శివమ్మ.

నాకు నవ్వొచ్చింది. తేజస్వినికి రాలేదు. "మీరు ఆయన అమ్మాయేనా?" అని అడిగింది. శివమ్మ ఖాళీ కుర్చీ వంక చూసింది. పెద్దాయన వంక చూసింది. తరవాత తల దించుకుని, "ఆఁ, బిడ్డనే," అంది.

అప్పుడు కూర్చుంది, కుర్చీ అంచు మీద, ఎవరో వచ్చి లేవగొడతారన్నట్టు. చేతులు ముందుకి చాపింది కానీ మొహం పక్కకి తిప్పేసుకుంది. పెద్దాయన లేవలేకపోయాడు. తేజస్విని ఒక పక్కా, నేనొక పక్కా చెయ్యి వేస్తే గానీ ఆయన కుర్చీలోంచి పైకి రాలేదు. తండ్రి ముందు ఇంత ముడుచుకుపోయే కూతుర్ని నేనెక్కడా చూడలేదు. మా అమ్మాయైతే వాళ్ల నాన్న భుజమెక్కి పెరిగింది.

తిరిగి వచ్చేటప్పుడు ఒకే మెట్రో ఎక్కాం. పెద్దాయన పక్కన సీటు ఖాళీగానే ఉంది. శివమ్మ కడ్డీ పట్టుకుని నిలబడింది. బాగా అలిసిపోయి ఉంది, రైలు కుదుపుకి ఊగిపోతోంది. నాకు చిరాకేసింది.

"కూర్చోమ్మా, ఖాళీగానే ఉందిగా. నాన్న పక్కన కూర్చుంటే అరిగిపోతావా?"

ఆమె నా దగ్గరికి వంగి, గొంతు తగ్గించి చెప్పింది. "మా నాయిన గాదక్కా. మా మామ. నేను కోడల్ని."

"మరి కూతుర్నన్నావేం?"

"కోడలు మామ చేతులు పట్టుకుంటే నలుగురేమంటరు? బిడ్డనంటే ఎవ్వరేమనరు గదా. ఎవరికి చెప్పకక్కా, మా ఇజ్జత్ పోతది."

అలా అలా, మంగళవారం కొంచెం, శుక్రవారం కొంచెం, ఆమె కథంతా నాకు తెలిసింది. ఆమెది యాచారం దిక్కు. సరూర్‌నగర్ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి పెరట్లో బర్రెలుండేవి, చెరువు కింద వరి మళ్లుండేవి. పొలానికి సద్ది మోసింది, నాట్లేసింది. చూస్తూ ఉండగానే మళ్లన్నీ కాలనీలయ్యాయి. పెంకుటిల్లు పోయి మూడంతస్తుల ఇల్లు లేచింది. భర్త జంగయ్య ప్లాట్ల వ్యాపారం పెట్టుకున్నాడు. ఆడపడుచు సుగుణని అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఇచ్చారు. అత్త పోయింది. అన్నీ మారాయి గానీ, మామ కూర్చున్న చోట కోడలు కూర్చోకూడదన్నది మారలేదు. కొత్తింట్లోకి సోఫాలు ఏరింది శివమ్మే. షాపులో ఒక్కోదాని మీదా కూర్చుని, ఊగి చూసి మరీ తీసుకుందట. ఇంటికొచ్చాక వాటి మీద కూర్చోలేదు. టీవీ కూడా వంటింటి గడప దగ్గర నుంచునే చూస్తుంది.

"కూర్చుంటే ఎవరైనా కొడతారా?" అన్నాను ఒకసారి, కోపం ఆపుకోలేక.

"ఎవ్వరేమనరక్కా," అంది. మళ్లీ తనే, "కూసో అని గూడ ఎవ్వరనలే," అంది.

పెద్దాయనకి జబ్బు మెల్లగా మొదలైంది. చెప్పిందే చెప్పడం, తిన్న గంటకే అన్నం పెట్టలేదనడం. తరవాత ఒకరోజు ఇంట్లోంచి బయటపడి, ఆయన మడి ఉన్న చోట కట్టిన సూపర్ మార్కెట్ ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్లని కర్రతో అదిలించాడు. "ఎవల్రా మీరు, వరి తొక్కుకుంట పోతున్నరు? గా కారెవనిది, మడిల వెట్టిండు?" అని కేకలు. లాల్చీ కూడా లేదు ఒంటి మీద. జనం ఫోన్లు తీసి వీడియో తీసుకున్నారు. జంగయ్యకి కబురొచ్చి వెళ్లి, తండ్రిని రెక్క పట్టుకుని బజారంతా నడిపించుకుంటూ తీసుకొచ్చాడు. ఆ బజార్లో సగం మంది జంగయ్యతో వ్యాపారం చేసేవాళ్లే.

అప్పటి నుంచి జంగయ్యకి ఒకటే మాట. నాయిన ఇంక బయటికి పోవద్దు. మూడో అంతస్తులో గది ఖాళీ చేయించి, దవాఖానల్లో ఉండేలాంటి కటకటాల మంచం తెప్పించి పెట్టాడు. ఇంకా ఆయన్ని అందులో వేసెయ్యలేదంతే. మెట్లు దిగలేని మనిషిని అక్కడ వేస్తే ఇంక దిగడని శివమ్మకి తెలుసు.

"మామ పొలంల తిరిగిన మనిషక్కా. ఆ రూంల ఏసిన్రంటే కాళ్లు పడిపోతయ్. కాళ్లు పడిపోతే అన్నీ మంచంలనే. మొగోల్లు వచ్చి ఎత్తుతరా? నేనే ఎత్తాలె. నా కోసమే అనుకో, ఆయన కోసమే అనుకో, ఆ రూమొద్దు," అంది.

అందుకని ఇంట్లో కూడా అబద్ధం చెప్పింది. దవాఖానలో మామ కాళ్లకి కరెంటు పెడుతున్నారని. కరెంటంటే జంగయ్యకి నమ్మకం కుదిరింది, పోనిచ్చాడు. ఎదురెదురు కుర్చీల సంగతి చెబితే గడప దాటనిచ్చేవాడు కాదు.

మెల్లగా ఆమె కుర్చీ అంచు నుంచి వెనక్కి జరిగింది. మొహం ఇటు తిరిగింది. పెద్దాయన చేతులు గట్టివి, పాత రైతు చేతులు. అవి ఆమె మణికట్లు పట్టుకుంటే ఆమె ముందుకి వంగి, "కాళ్లు ఎనుకకు, ముక్కు ముంగటికి, ఇగ లెవ్," అనేది. ఆయన లేచేవాడు. మొదట్లో సగం దాకా వచ్చి పడిపోయేవాడు. ఎండలు ముదిరేనాటికి ఆమె చేతుల ఆసరాతో పూర్తిగా లేచి నిలబడుతున్నాడు. ఆసరా లేకుండా ఒక్కడే లేవడం మాత్రం కుదరలేదు. ఆ ఒక్కటీ సాధిస్తే ఇంట్లో ఆయన గురించి ఇంక భయం లేదనేది తేజస్విని.

ఉన్నచోటే కాళ్లెత్తి నడుస్తూ పేర్లు చెప్పే ఆట ఒకటుంది. అందరూ కూరగాయలు చెబుతారు. పెద్దాయన తన ఎడ్ల పేర్లు చెప్పేవాడు. మా ఆయన ఏ ఆటైనా "తరవాతి చాప్టర్" అనేవారు. బెలూన్ కొట్టే ఆటలో ఒకసారి శివమ్మ కొట్టిన బెలూన్ వెళ్లి, రుమాలు తీసేసి ఉన్న పెద్దాయన బోడితల మీద పడి ఎగిరింది. ఆయన పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వేసింది, నోరు తెరిచి, కొంగు జారిపోయినా చూసుకోకుండా. మరుక్షణం నాలిక్కరుచుకుని కొంగు లాక్కుంది గానీ, ఆ నవ్వు అప్పటికే ఎవరి ఫోన్లోనో పడిపోయింది.

ఎవరి ఫోన్లో ఏమిటి, సాంబమూర్తి గారి ఫోన్లో. భార్యని తీసుకొచ్చే పెద్దమనిషి. పొద్దున లేస్తే గులాబీలతో గుడ్‌మార్నింగ్‌లు పంపి అందరి ఫోన్లూ నింపేసే రకం. ఇంట్లో చూసి చేసుకోండని తేజస్విని అందరినీ వీడియోలు తీసుకోమంటుంది. ఈయన తీసి ఊరుకోక, వాళ్లు చేతులు పట్టుకుని లేచేదీ ఆ నవ్వూ కలిపి, కింద "తండ్రి చేతులు వదలని కూతురు" అని రాసి, తనకి తెలిసిన గ్రూపులన్నిటికీ పంపించాడు. జనానికి అలాంటివంటే ప్రాణం. ఎల్.బి.నగరంతా తిరిగి, హయత్‌నగర్ దాటి, వారం తిరక్కుండా అబ్దుల్లాపూర్‌మెట్‌లో సుగుణ ఫోన్లో పడింది.

శివమ్మ నాకు ఫోన్ చేసింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవడం లేదు. "అక్కా, ఆ వీడియో అందరి ఫోన్లల్లకెల్లి తీసేస్తరా? ఎట్ల తీస్తరు?" అని అడిగింది. అలా పాకింది ఇంక ఎవరూ తియ్యలేరు.

సుగుణ అన్నకి ఫోన్ చేసి, "నా తండ్రికి నేను గాక ఇంకో బిడ్డ ఎవతె?" అని అడిగిందట. జంగయ్య ఆ వీడియోని ఆఫీసులో నలుగురి మధ్య చూశాడు. ఇంటికొచ్చి భార్యని కొట్టలేదు, తిట్టలేదు. "ఊరంత నా మొకం చూసి నవ్వుతున్నది. నాయిన వరి వరి అని తిరిగితే పోయిన ఇజ్జత్ కంటె గిది ఎక్కువ," అన్నాడట. ఆదివారం నుంచి నాయిన పైగదిలోనే అన్నాడు. ఆమె ఒకటే అడిగింది. ఒక్కసారి వచ్చి మామ లేచుడు చూడు, చూసినంక నీ ఇష్టం అని.

అందుకని ఆ శుక్రవారం నలుగురూ వచ్చారు. ముందు జంగయ్య, సఫారీ డ్రెస్సులో. వెనక సుగుణ, పట్టుచీర కట్టుకుని, తండ్రి చెయ్యి పట్టుకుని. అందరికంటే వెనక శివమ్మ. ఆమె ఆ రోజు ఎవరి వంకా చూడలేదు. నా వంక కూడా.

తేజస్వినికి ఏమీ తెలియదు. ఎప్పటిలాగే, "రండి శివమ్మ గారూ, మీ నాన్నగారికి ఇవాళ కొత్త ఆట," అంది.

"బిడ్డను నేను," అంది సుగుణ. "ఆమె మా వదిన."

తేజస్విని శివమ్మ వంక చూసింది. ఆ చూపుకి శివమ్మ కొంగుని నుదుటి దాకా లాక్కుని, నాలుగడుగులు వెనక్కి వేసి గోడకి ఆనుకుంది. సాంబమూర్తి గారు ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నారు, ఇప్పుడు పెట్టుకుని ఏం లాభం.

"కోడలు మామ చేతులు పట్టుకొని ఎగురుడు మా ఇండ్లల్ల లేదు మేడమ్," అన్నాడు జంగయ్య. అరవలేదు. అరిచినా బాగుండేది. "కరెంటు పెడుతున్నరని తోలుకొచ్చింది. నాకు తెల్వది. తెలిస్తే రానియ్యకపోతుంటి."

నాకు నోరాగదు. "చూడు బాబూ, మీ నాన్నగారు ఇక్కడికి వచ్చిన రోజు ఇద్దరం పట్టుకుంటే గానీ లేవలేదు. ఇప్పుడు మీ ఆవిడ చేతులిస్తే లేస్తున్నారు. కూతురైతేనేం, కోడలైతేనేం, అది చూడు ముందు."

"మీరు పెద్దోల్లు, మీ మాట కాదనను. మా ఇంటి ముచ్చట మాకుంటది గదమ్మా."

"సైలెన్స్," అన్నారు మా ఆయన గట్టిగా. "డౌట్స్ క్లాస్ అయ్యాక."

మామూలప్పుడైతే నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ రోజు ఆయన అన్నదే సబబుగా అనిపించింది. సుగుణ మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, తను ఎదురు కుర్చీలో కూర్చుంది. "ఎట్ల చెయ్యాలె మేడమ్? నేను చేయిస్త," అని తండ్రి చేతులు రెండూ పట్టుకుంది.

పెద్దాయన ఆ చేతుల వంక చూశాడు. గాజులు తడిమి చూశాడు. "ఎవలమ్మా?" అన్నాడు.

"నేనే బాపూ, సుగుణను."

"సుగుణ చిన్న పోరి. బడికి పోయింది," అని చేతులు విడిపించుకున్నాడు. అవతలి వాళ్లు నొచ్చుకోకుండా, మర్యాదగానే విడిపించుకున్నాడు. సుగుణ చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. అంత ధాటిగా వచ్చిన మనిషి ఒక్క మాటతో చిన్నపిల్ల అయిపోయింది.

పెద్దాయన హాలంతా కలియజూశాడు. అందరం కూర్చుని ఉన్నాం. జంగయ్య అప్పుడే ఎవరో ఇచ్చిన కుర్చీలో కూర్చున్నాడు. నిలబడి ఉన్నది తేజస్విని, గోడ దగ్గర శివమ్మ. ఆయన దృష్టిలో తేజస్విని పంతులమ్మ కాబోలు, ఆమెని వదిలేసి ఆయన చూపు గోడ దగ్గర ఆగింది. ఆ చూపులో గుర్తు పట్టిన జాడ ఏమీ లేదు. కాసేపు చూసి, కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకి వంగాడు. లేవబోయి మళ్లీ పడ్డాడు. శివమ్మ ఒక అడుగు ముందుకి వేసింది. జంగయ్య చూశాడు. ఆగిపోయింది. పెద్దాయన మళ్లీ వంగాడు. ఈసారి లేచాడు. ఎవరి చెయ్యీ లేదు. మోకాళ్లు వణుకుతున్నాయి కానీ నిలబడ్డాడు. తేజస్విని పక్కకి వచ్చి, ముట్టుకోకుండా, పడితే పట్టుకునేలా చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఆడమనిషి నిలవడ్డది," అన్నాడు పెద్దాయన. "మొగోల్లం కూసున్నం. ఇగ ఇజ్జత్ ఏమున్నది?" జంగయ్య వైపు తిరిగాడు. "ఓ తమ్మీ, నువ్వెవలవో గానీ, గీ కుర్చి తీస్కపోయి గా అమ్మకియ్యి."

జంగయ్య లేచాడు. తండ్రి లేచిన కుర్చీ తీసుకెళ్లి భార్య ముందు పెట్టాడు. కూర్చోమని అనలేదు, పెట్టి పక్కకి జరిగాడు. పెద్దాయన కూడా కర్ర లేకుండానే, తేజస్విని వెంట రాగా, అడుగులో అడుగు వేసుకుంటూ ఆమె దాకా నడిచి వెళ్లాడు.

"కూసో బిడ్డా," అన్నాడు. "మా ఇంట్ల ఆడోల్లను నిలవెట్టి మేం కూసోం. మా ఇంటి అలవాటు గాదది."

ఆ మాట ఆయన గొప్పకి అనలేదు. నిజమనుకునే అన్నాడు. అది నిజమో కాదో ఆ హాల్లో తెలిసినవాళ్లు జంగయ్య, సుగుణ, నేను, శివమ్మ. జంగయ్య మెడ ఎర్రబడింది. సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కూడా అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక ఇంటి కోడలే.

శివమ్మ కూర్చుంది.

పెద్దాయన సంతోషించాడు. చుట్టాల్ని కూర్చోబెట్టాక అడిగినట్టే అడిగాడు, "ఏ ఊరమ్మా మీది? ఎవలింటి మనిషివి?"

ఏదో ఒక ఊరు పేరు చెప్పెయ్యమ్మా అని నాలో నేనే అనుకున్నాను. యాచారం అను, ఇంకేదైనా అను. ముప్పై ఏళ్లకి దొరికిన మర్యాద, ఎవరో అనుకుని పెట్టాడు, ఎవరోగానే ఉండిపో. కానీ ఆమె ఆ హాల్లో ఒకసారి అబద్ధం చెప్పి ఇంతదాకా వచ్చింది.

"మీ ఇంటి మనిషినే మామా," అంది. "శివమ్మను. మీ కోడల్ని."

పెద్దాయన నుదురు ముడతలు పడింది. ఆమెని చూశాడు, ఆమె కొంగు చూశాడు, కుర్చీ చూశాడు. అంతవరకు నేను వినని గొంతొకటి ఆయనలోంచి వచ్చింది, పటేల్ గొంతు.

"కోడలివా? కోడలివైతే మామ నిలవడంగ కుర్చీల కూసున్నవేంది? లే."

జంగయ్య తల దించుకున్నాడు. శివమ్మ చేతులు వాటంతటవే కుర్చీ మీద ఆనాయి. ముందుకి వంగింది. సగం లేచింది కూడా. అక్కడ ఆగింది. చూస్తూ ఉంటే, మెల్లగా మళ్లీ కూర్చుంది.

"లేవను మామా," అంది. "ముప్పై ఏండ్ల సంది నిలవడ్డ. కాళ్లు గుంజుతున్నయ్. మీ కాళ్లు గూడ వణుకుతున్నయ్. మీరు గూడ కూసోండ్రి, ఇద్దరం కలిసి లేద్దాం."

చేతులు రెండూ చాపింది, మొహం పక్కకి తిప్పుకోకుండా, మొగుడి ముందే.

సుగుణ లేచి, తను కూర్చున్న కుర్చీ తెచ్చి, వదినకి ఎదురుగా తండ్రి వెనక పెట్టింది. పెద్దాయన ఇంకా కోపంగానే ఉన్నాడు. ఆమె చేతుల్ని చూస్తూ కాసేపు నిలబడ్డాడు. ఇంక నిలబడలేక, వాటిని పట్టుకుని కూర్చున్నాడు. జంగయ్య తల మాత్రం ఎత్తలేదు.